ఆన్‌లైన్‌లో ‘అవును – కాదు’ ఆట: దాచిన వస్తువును ఇరవై ప్రశ్నల్లో పట్టుకోవడం ఎలా

ఒకరు మనసులో ఒక వస్తువు అనుకుంటారు. మిగతావాళ్లు అవును, కాదు అన్న జవాబు మాత్రమే వచ్చే ప్రశ్నలు వేసి, ఇరవై ప్రశ్నలు అయిపోయేలోపు అదేమిటో కనిపెట్టాలి. నియమం ఇంతే. ఎదురెదురుగా కూర్చుని ఆడితే పెద్ద తయారీ అక్కర్లేదు. జవాబులో తడబాటు మొహంలోనే తెలిసిపోతుంది, అక్కడికక్కడే సర్దుకుంటారు. అదే వాట్సాప్ గ్రూపులోనో వీడియో కాల్‌లోనో అయితే ఆరో ప్రశ్నకల్లా గొడవ మొదలవుతుంది. ‘నువ్వు అవునన్నది నా ప్రశ్నకా, వదినగారి ప్రశ్నకా?’ ‘ఇందాక చెక్క కాదన్నావు కదా!’ ఇలా.

ఆట చెడితే అడిగేవాళ్లకు తెలివి చాలలేదనుకుంటారు. ఎక్కువసార్లు లోపం జవాబు చెప్పేవాళ్ల దగ్గరే ఉంటుంది. సరిపడని వస్తువును ఎంచుకోవడం, ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబివ్వడం, ఇచ్చిన జవాబును గుట్టుగా మార్చేయడం. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం వస్తువు దాచేవాళ్ల కోసమే.

ఎంతమంది, ఎక్కడ, ఎప్పుడు

నలుగురి నుంచి ఎనిమిది మంది దాకా ఉంటే ఆట బాగా నడుస్తుంది. ఒకరు దాచేవాళ్లు, ఒకరు లెక్క చూసేవాళ్లు, మిగతావాళ్లు అడిగేవాళ్లు. లెక్క చూసే మనిషి ఎందుకని చాలామంది ఆ పాత్రను ఎత్తేస్తారు. ఎదురుగా ఆడేటప్పుడు ఫర్వాలేదు గానీ చాట్‌లో ఆ మనిషి లేకపోతే పదో ప్రశ్న దగ్గర ‘ఇది పదా, పదకొండా’ అని తేల్చుకోవడానికే ఐదు నిమిషాలు పోతాయి.

రెండు పద్ధతులున్నాయి. ఒకటి అందరూ ఒకేసారి కూర్చుని ఆడేది. ఇందులో ప్రశ్న ఆలోచించడానికి ఒక నిమిషం, జవాబుకు అర నిమిషం పెట్టుకుంటే ఇరవై ప్రశ్నలకు అరగంట పడుతుంది. రెండోది తీరిక దొరికినప్పుడల్లా ఆడేది. దీనికి రోజుకు నాలుగు ప్రశ్నలు, ఐదు రోజులు అని ముందే గీత గీసుకోండి. రోజుకొక్కటే అని పెడితే మూడు వారాలు సాగుతుంది, సగం మంది వస్తువు సంగతే మరిచిపోతారు.

విదేశాల్లో ఉన్నవాళ్లతో ఆడేటప్పుడు వేళ కుదరడమే పెద్ద పని. హైదరాబాద్‌లో శనివారం రాత్రి 8 గంటలంటే దుబాయ్‌లో సాయంత్రం 6:30, వేసవిలో న్యూజెర్సీలో ఉదయం 10:30, డల్లాస్‌లో 9:30. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. అప్పటినుంచి మార్చి రెండో ఆదివారం దాకా అదే సమయం అక్కడ 9:30, 8:30 అవుతుంది. అందరికీ కుదిరే వేళ ఇదొక్కటే అనిపిస్తుంది. పిల్లలు నిద్రపోకముందే ఇక్కడ, కాఫీలయ్యాక అక్కడ.

వస్తువును ఎంచుకోవడం

దాచే వస్తువుకు మొదటి పరీక్ష: ఆడుతున్న ప్రతి ఒక్కరూ దాన్ని కళ్లతో చూసి ఉండాలి. విస్తరాకులు కుట్టుకునే అడ్డతీగ గురించి ఊళ్లో పెరిగిన మామయ్యకు తెలుస్తుంది, డల్లాస్‌లో పుట్టిన మనవరాలికి తెలియదు. ఆ పిల్లకు తెలిసిన హెచ్‌డీఎంఐ కేబుల్ అమ్మమ్మకు తెలియదు. గొడుగు, తాళం చెవి, జల్లెడ, దువ్వెన, కవ్వం, బొంగరం, టీవీ రిమోట్, హెల్మెట్ లాంటివి ఇద్దరికీ అందుతాయి. కష్టంగా ఉండాలంటే అరుదైన వస్తువు వెతకనక్కర్లేదు. అందరూ రోజూ చూస్తూ పట్టించుకోని వస్తువే అసలు కష్టం. కుక్కర్ విజిల్, చొక్కా గుండీ, తలుపు గొళ్లెం ఇరవై ప్రశ్నలనూ సులువుగా మింగేస్తాయి.

వస్తువు ఒక రకం అయి ఉండాలి, ఒకానొక వస్తువు కాకూడదు. ‘పెన్ను’ సరే, ‘నాన్నగారి జేబులో పెన్ను’ వద్దు. చేత్తో ముట్టుకోగలిగేది కావాలి. నీడ, జీతం, ఇంద్రధనుస్సు పనికిరావు. ఉప్పు, మంచినీళ్లు, ఇసుక లాంటి పదార్థాలు లెక్కలోకి వస్తాయా, పెద్ద వస్తువులోని భాగాలు (సైకిల్ పెడల్, ఫ్యాన్ రెక్క) వస్తాయా అన్నది ఆట మొదలవకముందే గ్రూపులో తేల్చేయండి. మధ్యలో తేల్చితే అది సూచన ఇచ్చినట్టే.

పేర్ల సంగతి కూడా ముందే చెప్పుకోవాలి. ఒకరి చీపురు ఇంకొకరి ఇంట్లో పొరక. గరిటెను తెలంగాణలో గంటె అంటారు. తువ్వాలు, తుండు, టవలు మూడూ ఒకటే. ఏ ప్రాంతపు మాటతో చెప్పినా వస్తువు అదే అయితే దొరికినట్టే లెక్క. ‘గిన్నె’ దాచినప్పుడు ‘తపేలా’ అంటే ఒప్పుకోవాలా అన్న చోట లెక్క చూసే మనిషి మాటే చివరిది. ‘దగ్గరికొచ్చావు’ అని మాత్రం దాచినవాళ్లు అనకూడదు, ఆ ఒక్క మాట నాలుగు ప్రశ్నల పెట్టు.

అనుకున్నది మారలేదని రుజువు

ఎదురుగా ఆడితే చీటీ రాసి దిండు కింద పెడతారు. ఆన్‌లైన్‌లో దానికి బదులు చీటీ మీద పేరు రాసి ఫొటో తీసి, ప్రశ్నలు మొదలవకముందే లెక్క చూసే మనిషికి విడిగా పంపండి. ఆ మనిషి అడగరు కాబట్టి తెలిసినా నష్టం లేదు, పైగా తప్పు జవాబు వస్తే వెంటనే పట్టుకోగలరు. 1947లో బీబీసీ రేడియోలో మొదలైన ఇరవై ప్రశ్నల కార్యక్రమంలోనూ వింటున్నవాళ్లకు జవాబు ముందే చెప్పేవాళ్లు. తెలిసి చూస్తున్నవాళ్లకు ఇది ఇంకా మజాగా ఉంటుంది, జవాబు పక్కనుంచే వెళ్లిపోతున్న ప్రశ్నలు వాళ్లకే కనిపిస్తాయి. అడిగే ఓపిక లేని పెద్దవాళ్లను ఇలా రహస్యం తెలిసిన ప్రేక్షకుల్లో చేర్చుకోండి.

మధ్యవర్తి దొరకని, కంప్యూటర్ బాగా తెలిసిన బృందాలకు ఇంకో దారి ఉంది. వస్తువు పేరు, దాని వెంట ఎవరూ ఊహించలేని ఒక చిన్న వాక్యం కలిపి ఎస్‌హెచ్‌ఏ-256 (రాసినదాన్ని వెనక్కి తిప్పలేని అక్షరాల వరసగా మార్చే కంప్యూటర్ పద్ధతి) లెక్క కట్టి, వచ్చిన 64 అక్షరాల వరసను గ్రూపులో పెట్టండి. ఆట అయ్యాక అసలు వాక్యం చూపిస్తే ఎవరైనా సరిచూసుకోవచ్చు. పేరొక్కటే పెడితే మాత్రం తెలిసిన వస్తువుల పేర్లన్నీ వరసగా లెక్క కట్టి పట్టేయొచ్చు. మధ్యలో ఒక్క ఖాళీ తేడా వచ్చినా వరస మొత్తం మారిపోతుంది కాబట్టి టైపు చేసిన వాక్యాన్ని యథాతథంగా దాచుకోవాలి.

చాట్‌లో క్రమశిక్షణ

అధికారిక ప్రశ్నకు ముందు అంకె ఉండాలి: ‘7. దీన్ని వాడాలంటే రెండు చేతులూ కావాలా?’ అంకె లేనిది ఊరికే మాట్లాడుకున్నట్టు, దానికి జవాబు లేదు. జవాబును ఆ ప్రశ్నకే రిప్లైగా, అంకెతో సహా ఇవ్వాలి: ‘7. కాదు’. ఇద్దరు ఒకేసారి అడిగితే ముందు వచ్చినదే లెక్క, రెండోది దాటేయాలి. ఈ గొడవ రాకుండా అడిగేవాళ్లు వంతుల వరసను గ్రూపులో పిన్ చేసుకుంటే మంచిది. వాట్సాప్‌లో పిన్ 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు ఉండేలా పెట్టుకోవచ్చు, ఐదు రోజుల ఆటకు రెండోది సరిపోతుంది.

జవాబుగా బొటనవేలు గుర్తు పెట్టకండి. ‘అవును’ అనా, ‘చూశాను’ అనా తెలియదు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైపు చేసేవాళ్లు పొట్టి చేసి ఒక్క అక్షరంతో సరిపెట్టడమూ ఇలాంటిదే. మాట పూర్తిగా రాయండి.

ఐదు ప్రశ్నలకొకసారి లెక్క చూసే మనిషి అప్పటిదాకా తేలినవన్నీ ఒక్క సందేశంలో పెట్టాలి. ‘చేత్తో ఎత్తొచ్చు. ఇంట్లో వాడతారు. కరెంటు అక్కర్లేదు. వంటింటిదే. పొయ్యి మీద పెట్టరు.’ ఆలస్యంగా వచ్చినవాళ్లు పైకి జరుపుకుంటూ పోకుండా ఇది చదివి చేరిపోతారు. వీళ్లు చేరాక ‘కరెంటుతో నడుస్తుందా’ అని మళ్లీ అడగడం కూడా తగ్గుతుంది.

అడిగేవాళ్లు ఐదుగురికి మించితే, దాచినవాళ్లు లేని ఇంకో గ్రూపు పెట్టుకుని అందులో చర్చించుకోండి. అక్కడ రెండు మూడు ప్రశ్నలు అనుకుని, పోల్ పెట్టి, గెలిచినదాన్ని అసలు గ్రూపులో వేయాలి. పోల్‌లో ఒకటికి మించి ఎంచుకునే వీలు మామూలుగా తెరిచే ఉంటుంది, దాన్ని ఆపేయండి.

వీడియో కాల్‌లో ఇబ్బందులు వేరు. నెట్ నెమ్మదిస్తే ‘ఊఁ’, ‘ఊహూఁ’ ఒకేలా వినిపిస్తాయి. తల ఊపితే అడ్డంగానా నిలువుగానా తెలియదు. రెండు కాగితాల మీద పెద్ద అక్షరాలతో అవును, కాదు అని రాసుకుని చూపించండి. అద్దంలోలా తిరగబడి కనిపించడం మీ తెరమీదే, అవతలివాళ్లకు సరిగ్గానే కనిపిస్తుంది. దాచిన వస్తువు గదిలో ఉంటే దానివైపు చూడకండి, పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

జవాబు చెప్పడం

నాలుగు జవాబులు ఉండనివ్వండి: అవును, కాదు, కొన్నిసార్లు, వర్తించదు. మొదటి మూడూ ప్రశ్న లెక్కలోకి వస్తాయి. ‘కొన్నిసార్లు’ చెప్పినా అడిగేవాళ్లకు ఏదో ఒకటి తెలిసినట్టే, ఒక్కోసారి ‘కాదు’ అన్నదానికన్నా ఎక్కువే తెలుస్తుంది. ‘వర్తించదు’ వస్తే ఆ ప్రశ్న తిరిగి ఇచ్చేయాలి. దాచినవాళ్లకు జవాబు నిజంగా తెలియకపోతే (‘దీన్ని 1900కి ముందు వాడేవాళ్లా?’) ఊహించి చెప్పకుండా లెక్క చూసే మనిషిని విడిగా అడగాలి. ఇద్దరికీ తెలియకపోతే ఆ ప్రశ్న కూడా తిరిగి ఇచ్చేయడమే.

ఒకే పేరున్న వస్తువు పది రకాలుగా దొరుకుతుంది. చెప్పులు తోలువి, రబ్బరువి. బకెట్ ప్లాస్టిక్‌ది, ఇనుపది. అప్పుడు ఒకటే కొలత: కొట్లో పేరు మాత్రమే చెప్పి అడిగితే ముందుగా చేతికిచ్చేది ఏది? ఆ వస్తువును మనసులో పెట్టుకుని ఇరవై ప్రశ్నలకూ దాని ప్రకారమే జవాబివ్వండి. బకెట్ అంటే ఇవాళ ప్లాస్టిక్‌దే. చెప్పుల విషయంలో కొట్టువాడు కూడా ‘తోలువా, రబ్బరువా?’ అని ఎదురడుగుతాడు, కాబట్టి అక్కడ ‘కొన్నిసార్లు’ న్యాయం.

తెలుగులో అడిగితే ప్రత్యేకంగా వచ్చే చిక్కు వ్యతిరేక ప్రశ్న. ‘ఇది కరెంటుతో నడవదా?’ అన్నదానికి ‘అవును’ అంటే ‘అవును, నడవదు’ అని సగం మంది, ‘నడుస్తుంది’ అని సగం మంది అనుకుంటారు. ఇలాంటి ప్రశ్న వస్తే ఒంటి మాటతో జవాబివ్వకండి, ‘నడవదు’ అని పూర్తిగా రాయండి. లెక్క చూసే మనిషి అయితే అలాంటి ప్రశ్నను మార్చి వేయమని తిప్పి పంపొచ్చు.

‘చెక్కదా, ఇనుముదా?’ అన్నది అవును–కాదు ప్రశ్న కాదు, తీసుకోవద్దు. ‘చెక్కతో గానీ ఇనుముతో గానీ చేస్తారా?’ అంటే తీసుకోవచ్చు, అది నిజానికి మంచి ప్రశ్న కూడా. ‘వంటింట్లో ఉండి, కరెంటుతో నడిచేదా?’ అన్నదానికి ‘కాదు’ చెప్పడం న్యాయమే, కానీ ఏ సగానికి కాదన్నారో అడిగినవాళ్లకు తెలియదు. అది వాళ్ల నష్టం, విడమరిచి చెప్పాల్సిన పని మీకు లేదు.

ఇక జవాబు తప్పు పోవడం. మీరు చెప్పింది తప్పని తెలిసిన క్షణమే కొత్త సందేశంలో ప్రకటించండి: ‘5వ ప్రశ్నకు జవాబు తప్పు. అవును అని చదువుకోండి.’ పాత సందేశాన్ని ఎడిట్ చేయొద్దు. వాట్సాప్‌లో పంపిన పదిహేను నిమిషాల దాకా ఎడిట్ చేయొచ్చు గానీ, ముందే చదివేసినవాళ్లు మళ్లీ వెనక్కి వెళ్లి చూడరు, పాత జవాబు మీదే ఆలోచిస్తూ కూర్చుంటారు. తప్పు జవాబు తర్వాత అడిగిన ప్రశ్నలన్నిటినీ తిరిగి ఇచ్చేయండి. 5వది తప్పని 9వ ప్రశ్న తర్వాత తేలితే లెక్క మళ్లీ 6 నుంచి. కొంచెం ఉదారంగా అనిపించవచ్చు, కానీ ఏ ప్రశ్న ఆ తప్పు మీద ఆధారపడిందో ఒక్కొక్కటే తేల్చబోతే వస్తువు బయటపడుతుంది.

అడగడం

ఇరవై అన్న అంకె వెనక ఒక లెక్క ఉంది. ప్రతి ప్రశ్నా మిగిలిన వస్తువులను సరిగ్గా సగానికి కోస్తే పది ప్రశ్నలతో 1,024 వస్తువుల్లోంచి, ఇరవైతో 10,48,576 వస్తువుల్లోంచి ఒకటి తేల్చవచ్చు. ఇలా సగానికి కోసే ఒక్క జవాబులో ఉండే సమాచారాన్నే ‘బిట్’ అంటారు. అమెరికా గణితవేత్త క్లాడ్ షానన్ 1948లో రాసిన పరిశోధన పత్రంతో ఆ కొలత స్థిరపడింది. పదింట్లో ఒక వస్తువుకే ‘అవును’ వచ్చే ప్రశ్న వేస్తే సగటున దక్కేది 0.47 బిట్ మాత్రమే. ఇరవై ప్రశ్నలూ అలాంటివే వేస్తే మొత్తం తొమ్మిదిన్నర బిట్ల లోపు, అంటే ఆరేడు వందల వస్తువులకు సరిపడేంత. పది లక్షలెక్కడ, ఆరేడు వందలెక్కడ! అయితే మరీ కొలబద్ద పెట్టుకోనక్కర్లేదు. పదింట్లో మూడింటికి ‘అవును’ వచ్చే ప్రశ్న కూడా 0.88 బిట్ ఇస్తుంది. సుమారు సగం అయితే చాలు.

ఇంగ్లిష్‌లో ఈ ఆట ‘జంతువా, మొక్కా, ఖనిజమా’ అన్న విభజనతో మొదలవుతుంది. స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ 1735లో ప్రకృతిని మూడు రాజ్యాలుగా విడగొట్టిన నాటి పద్ధతి అది. వస్తువులకు మాత్రమే పరిమితమైన ఆటలో అది మంచి మొదలు కాదు. ఇంట్లో సగం ప్లాస్టిక్కే, దాన్ని ఖనిజంలో వేయాలంటే పెట్రోలియం దాకా వెళ్లి వాదించాలి. ఈ వరస నయం: పరిమాణం, చోటు, కరెంటు, పని, కదలిక, ఆకారం. దేనితో చేశారన్నది ఆఖర్లో.

‘పెద్దదా?’ అని అడగకండి, దేనికన్నా పెద్దదో చెప్పండి. అగ్గిపెట్టె, చెప్పుల డబ్బా, గ్యాస్ బండ, బీరువా అన్న నాలుగు మెట్లు పెట్టుకుంటే దేశం దాటినవాళ్లకూ అర్థమవుతుంది. ముందు ‘చెప్పుల డబ్బాలో పడుతుందా?’ అనడం మంచిది, ఇంటి సామాను రెండు వైపులకూ బాగానే పంచుకుంటుంది. ‘ఖరీదైనదా?’ బదులు ‘ఇండియాలో 500 రూపాయల లోపు దొరుకుతుందా?’ అనాలి. ‘ఇంట్లో ఉంటుందా?’ అన్నది అన్నిటికన్నా మోసపుచ్చే ప్రశ్న. గొడుగు ఇంట్లోనే ఉంటుంది, వాడేది బయట. ‘ఎక్కువగా ఇంటి లోపల వాడతారా?’ అనండి. ‘గుండ్రంగా ఉంటుందా?’ కూడా అంతే. గాజు, పళ్లెం, బంతి మూడూ గుండ్రమే. ‘నేలమీద పెట్టి తోస్తే ఎటైనా దొర్లుతుందా?’ అంటే బంతి ఒక్కటే మిగులుతుంది. ‘ఆడవాళ్లు వాడేదా?’ అన్నదానికి ‘ఆడవాళ్లు మాత్రమేనా, ఆడవాళ్లు కూడానా’ అన్న వాదన తప్పదు, వదిలేయండి.

కవ్వం దాచినప్పుడు బాగా ఆడిన ఆట ఇలా నడుస్తుంది:

1. ఒక్క చేత్తో ఎత్తగలమా? అవును.
2. ఎక్కువగా ఇంటి లోపల వాడతారా? అవును.
3. కరెంటు గానీ బ్యాటరీ గానీ కావాలా? కాదు.
4. వంటింటి పనికేనా? అవును.
5. పొయ్యి మీద పెడతారా? కాదు.
6. అందులో ఏమైనా పోసి ఉంచుతారా? కాదు.
7. కోయడానికి, తరగడానికి వాడతారా? కాదు.
8. వాడుతున్నంతసేపూ చెయ్యి కదులుతూనే ఉండాలా? అవును.
9. పని చేసే భాగం లోహంతో చేస్తారా? కొన్నిసార్లు.
10. పలచటి పదార్థంలో ముంచి వాడతారా? అవును.
11. దాన్ని గుండ్రంగా తిప్పుతారా? అవును.
12. కవ్వమా? అవును.

ఇందులో 8వ ప్రశ్న చూడండి. అప్పటికి గరిటె, జల్లెడ, అట్లకాడ, అప్పడాల కర్ర, పీట, పట్టకారు, కొబ్బరి కోరాము లాంటివన్నీ మిగిలున్నాయి. వాటిని పేరు పెట్టి ఒక్కొక్కటే అడిగితే ఇరవై అక్కడే అయిపోయేవి. పని ఎలా జరుగుతుందో అడగడంతో పీట, పట్టకారు లాంటివి ఒక్క దెబ్బకు పోయాయి. 9వ ప్రశ్న మాత్రం ఇక్కడ పెద్దగా కలిసిరాలేదు, చెక్క కవ్వాలూ స్టీలువీ రెండూ ఉన్నాయి. పదార్థం గురించిన ప్రశ్నలు చివరికి నెట్టమనేది అందుకే.

పేరు చెప్పడం ఎప్పుడు మొదలుపెట్టాలి? మూడు వస్తువులు మిగిలేదాకా ఆగండి. మూడింట్లో నేరుగా పేర్లు చెప్పుకుంటూ పోతే సగటున రెండు ప్రశ్నలు పడతాయి, ఇంకా విడగొట్టబోతే అంతకన్నా ఎక్కువే. నాలుగు మిగిలితే రెండు దారులకూ సగటు రెండున్నరే గానీ, విడగొడితే మూడు ప్రశ్నల్లో ఖాయంగా తేలుతుంది, పేర్లు చెప్పుకుంటూ పోతే నాలుగు దాకా పట్టవచ్చు. ఎనిమిది మిగిలితే ఆలోచించనక్కర్లేదు, విడగొట్టాల్సిందే. తప్పు పేరు చెప్పినా ఒక ప్రశ్న అయిపోయినట్టే లెక్క.

పదిహేనో ప్రశ్నకు వచ్చినా ఏమీ తోచకపోతే ముందుకు కాక వెనక్కి వెళ్లాలి. ఏ జవాబు అటూ ఇటూ అయ్యే అవకాశం ఉందో వెతికి, దాన్నే వేరే మాటల్లో అడగండి. 1988లో కెనడాకు చెందిన రాబిన్ బర్జెనర్ మొదలుపెట్టిన, ఈ ఆటలో అడిగేవాళ్ల పాత్ర పోషించే 20క్యూ అనే కంప్యూటర్ ప్రోగ్రాము మనుషుల తప్పు జవాబులను తట్టుకునేది ఇలాంటి ఉపాయంతోనే. ఒక జవాబు కుదరనంత మాత్రాన వస్తువును పూర్తిగా కొట్టేయదు, కాస్త వెనక్కి జరుపుతుంది. మనుషులు మాత్రం మూడో ప్రశ్నలో కొట్టేసినదాన్ని మళ్లీ తలుచుకోరు.

మార్కులు

కనిపెడితే అడిగేవాళ్లకు 21లోంచి ప్రశ్న అంకె తీసేసినన్ని మార్కులు. 12లో కనిపెడితే 9. కనిపెట్టలేకపోతే దాచినవాళ్లకు 10, కానీ ఒక షరతు మీద. వస్తువు పేరు బయటపెట్టాక ‘ఇది నాకు తెలుసు’ అని ఆడినవాళ్లంతా ఒప్పుకోవాలి. ఒక్కరికి తెలియకపోయినా సున్నా. ఈ ఒక్క షరతుతో ఎవరికీ తెలియని పనిముట్లు దాచే అలవాటు పోతుంది.

చిన్నపిల్లలతో

ఆరేడేళ్ల పిల్లలు మొదటి ప్రశ్నే ‘బొమ్మా?’, రెండోది ‘చాక్లెట్టా?’ అని అడుగుతారు. వాళ్లకు పరిధి చిన్నది చేయండి. మంచం మీద పదహారు వస్తువులు పరిచి ఫొటో తీసి గ్రూపులో పెట్టి, అందులోంచి ఒకటి అనుకోండి. ఎనిమిదేసి, నాలుగేసి, రెండేసి, ఒకటేసి విడగొట్టే నాలుగు ప్రశ్నలతో తేలిపోతుంది. రంగులు, పరిమాణాలు సగం సగం వచ్చేలా పరిస్తే సగానికి కోయడం పిల్లలకు కంటితోనే అర్థమవుతుంది. ప్రతి జవాబు తర్వాత పోయిన వస్తువుల మీద వేలితో గీత పెట్టి, ఫొటో మళ్లీ పంపమనండి.

రెండు రకాల మార్పులు

మొదటిది భౌతిక శాస్త్రవేత్త జాన్ వీలర్ చెప్పిన పద్ధతి. ఇందులో వస్తువు ముందుగా ఏదీ ఉండదు. అడిగేది ఒక్కరు, జవాబులిచ్చేది మిగతా అందరూ వంతులవారీగా. ప్రతివాళ్లూ తమ ఇష్టమొచ్చిన జవాబు ఇవ్వవచ్చు, కానీ అప్పటిదాకా వచ్చిన జవాబులన్నిటికీ సరిపోయే వస్తువు ఒకటైనా తమ మనసులో ఉండాలి. జవాబిచ్చేవాళ్లు అంతకంతకూ ఎక్కువసేపు ఆలోచించడం మొదలుపెడతారు, అడిగే మనిషికి కారణం అంతుపట్టదు. చాట్‌లో ఆడేటప్పుడు ప్రతి జవాబూ ఇచ్చినవాళ్లు ఆ క్షణంలో తాము అనుకున్న వస్తువును లెక్క చూసే మనిషికి విడిగా పంపాలి, లేకపోతే సరిపోని జవాబు ఎక్కడ దూరిందో చివర్లో తేలదు. చాట్‌బాట్‌ను వస్తువు దాచుకోమని ఆడితే చాలాసార్లు జరిగేది తెలియకుండా ఈ ఆటే. వస్తువును ఎక్కడా రాసిపెట్టుకోకుండా, ముందటి మాటలకు పొసిగే జవాబులు చెప్పుకుంటూ పోతుంది. ఆఖర్లో చెప్పిన పేరు మొదటి జవాబులకు కుదరకపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు. దాచడం మీరు చేసి, అడగడం దానికి వదలండి.

రెండోది ఒక్క అబద్ధానికి అనుమతి ఉన్న ఆట. దాచినవాళ్లు మొత్తంలో ఒక్కసారి అబద్ధం చెప్పవచ్చు, చెప్పకపోనూవచ్చు. ఇందులో ఇరవై చాలవు. ఒకటి నుంచి పది లక్షల దాకా ఉన్న అంకెల్లోంచి ఒకటి పట్టుకోవడానికి, ఒక అబద్ధం ఉండొచ్చంటే, ఎన్ని ప్రశ్నలు కావాలన్న సమస్యను ఉలమ్ అనే గణితవేత్త 1976లో వేశాడు. దానికి 25 అని 1987లో తేలింది. కాబట్టి మీరూ ఐదు పెంచుకోండి. ఇందులో ‘కొన్నిసార్లు’, ‘వర్తించదు’ ఉండకూడదు, అబద్ధం వాటి వెనక దాక్కుంటుంది.

అబద్ధం భయంతో ప్రతి ప్రశ్ననూ రెండుసార్లు అడగడం దండగ. ఐదారు ప్రశ్నలకొకసారి ‘ఇప్పటిదాకా అబద్ధం చెప్పారా?’ అని అడగండి. ‘లేదు’ అని వస్తే అది నిజమే. ముందే ఒక అబద్ధం చెప్పి ఉంటే ఇది రెండోది అవుతుంది, దానికి అనుమతి లేదు. ‘అవును’ అని వస్తే అబద్ధం అంతకుముందు జవాబుల్లో ఒకటైనా కావాలి, లేదా ఈ ‘అవును’ అయినా కావాలి. ఎలా చూసినా అబద్ధం ఖర్చయిపోయింది, ఇకనుంచి వచ్చేవన్నీ నిజాలే. వెనక్కి వెళ్లి, గతంలో ఇలా సరిచూసిన తర్వాత అడిగిన ఐదారు ప్రశ్నల్లో సగాన్ని చూపించి ‘అబద్ధం వీటిలో ఉందా?’ అని అడుగుతూ పోతే మూడు ప్రశ్నల్లో అది ఎక్కడుందో దొరుకుతుంది.